చలి పండించే రుచి

మే నెల మధ్యాహ్నం విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడితే చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. అదే రోజు కిరండూల్ రైలెక్కి అరకు చేరినవాళ్లు సాయంత్రానికి ఫ్యాన్ సంగతే మర్చిపోతారు. రెండింటికీ మధ్య దూరం నూట పది కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఇంత తేడాకి కారణం దూరం కాదు, ఎత్తు. వెయ్యి మీటర్లు పైకెళితే గాలి సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. ఈ ఆరు డిగ్రీల ఖరీదెంతో ఎప్పుడైనా ఆలోచించారా?

వైన్ తయారుచేసేవాళ్లు ఎప్పుడో ఆలోచించారు. ఫ్రాన్స్‌లోని షాంపేన్, జర్మనీలో మోజెల్ నది ఒడ్డు కొండవాలులు, న్యూజిలాండ్‌లో మార్ల్‌బరో, ఆస్ట్రేలియా కింద ఉన్న టాస్మానియా దీవి... ఇవన్నీ చలిప్రాంతపు వైన్లకి పేరుపడ్డ చోట్లు. ఎండ బాగా కాసేచోట ద్రాక్ష గబగబా పండుతుంది. తీపి పెరుగుతుంది, పులుపు తగ్గిపోతుంది. ఆ తీపే పులిసి ఆల్కహాల్‌గా మారుతుంది కాబట్టి వైన్ ఘాటుగా వస్తుంది. చలిచోట కాయ నిదానంగా పండుతుంది. రాత్రి చల్లదనానికి పులుపు కాయలోనే నిలుస్తుంది. సువాసనలు కూడా తీరిగ్గా ఊరతాయి. పులుపు లేని పప్పుచారు ఎంత చప్పగా ఉంటుందో ఊహించుకుంటే, వైన్‌కి పులుపు ఎందుకో ఇట్టే అర్థమవుతుంది.

మరి మన అరకులోనూ ద్రాక్ష వేసేస్తే సరిపోదా అంటారా? అంత తేలిక కాదు. చలిదేశాల ద్రాక్షతీగ శీతాకాలమంతా ఆకులు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో మేలుకుంటుంది. మన కొండల చలి అంత గాఢనిద్ర పుచ్చదు. పైగా జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు. తడి ఎక్కువైతే ద్రాక్షకి బూజు తెగులు తప్పదు. నాసిక్ రైతులైతే వానలు వెనక్కి తగ్గాక తీగలు కత్తిరించి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతకొచ్చేలా చూసుకుంటారు. మన మన్యం మాత్రం తన చలిని అమ్ముకోవడానికి వేరే పంటని ఎంచుకుంది. అదే కాఫీ.

ఆంధ్ర కొండల్లో కాఫీ మొదట 1898లో తూర్పుగోదావరి వైపు పాములేరు లోయలో వేశారని చెబుతారు. అక్కడి నుంచి మెల్లగా విశాఖ మన్యానికి పాకింది. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా అయిన ఈ కొండల్లో కాఫీ పండించేది పెద్ద పెద్ద ఎస్టేట్‌ల యజమానులు కాదు, చిన్న కమతాల గిరిజన రైతులు. వాళ్ల పంట కొనే గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది. దాని ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది.

అరకు అరబికా పెరిగేది 900 నుంచి 1100 మీటర్ల ఎత్తులో. వేసవి మొదట్లో నాలుగు చినుకులు పడగానే మల్లెల్లాంటి తెల్లపూలు పూస్తాయి. కాయ ఎర్రబడేసరికి నవంబరు దాటుతుంది. అంటే ఇంచుమించు తల్లి కడుపులో బిడ్డంత కాలం! ఆ నిదానమే గింజని గట్టిపరుస్తుంది, రుచిని నింపుతుంది. పైన సిల్వర్ ఓక్ చెట్ల నీడ, ఆ చెట్లని పట్టుకుని పాకే మిరియాల తీగ. ఒకే చెట్టు నీడనిస్తూ, మరో పంటనీ మోస్తుందన్నమాట.

కోత కూడా ద్రాక్షకోత లాంటిదే. పండినవాటిని మాత్రమే ఏరి కోయాలి, పచ్చివి వదిలేయాలి. అందుకే ఒకే మొక్క దగ్గరికి నాలుగైదుసార్లు వెళ్లాలి. కోసిన పండు తోలు వెంటనే తీసి, గింజకి అంటిన జిగురు విడిపోయేదాకా కొన్ని గంటలు పులియబెట్టి కడుగుతారు. వైన్‌కీ కాఫీకీ ఇక్కడే చుట్టరికం. రెండూ పులియడం తెలిసినవాడి చేతిలోనే బాగుపడతాయి. కాస్త ఏమరితే మొత్తం పాడే.

ఈ కష్టానికి గుర్తింపు వచ్చింది. 2017లో పారిస్‌లో ‘అరకు’ పేరుతోనే కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు దక్కింది. షాంపేన్ ప్రాంతంలో తయారైనదాన్నే షాంపేన్ అన్నట్టు, ఇకపై అరకు పేరు అరకు కొండలదే.

పేరు దక్కింది సరే, చలి దక్కుతుందా? ఫ్రాన్స్‌లోని బోన్ పట్టణంలో ద్రాక్షకోత తేదీల లెక్క 1354 నుంచీ ఉంది. 1988 తర్వాత అక్కడ కోత సగటున 13 రోజులు ముందుకి జరిగింది. ఎండలు పెరిగాయి మరి. వైన్ రైతులు కొందరు ఉత్తరానికి జరుగుతున్నారు. ఒకప్పుడు చలికి ద్రాక్ష పండదనుకున్న దక్షిణ ఇంగ్లండ్‌లో ఇప్పుడు తోటలు విస్తరిస్తున్నాయి. మన గిరిజన రైతు ఎటు జరగగలడు? కొండ శిఖరం దాటితే ఆకాశమే కదా!

2025లో అరకు తోటల్లో కాఫీ కాయతొలుచు పురుగు బయటపడింది. 1990లో నీలగిరుల్లో తొలిసారి కనిపించిన పురుగే ఇది. కాయలోకి దూరి గింజలోనే కాపురం పెడుతుంది. వేడి పెరిగేకొద్దీ దాని సంతతీ వేగంగా పెరుగుతుంది. నేల మీద రాలిన కాయలు ఏరేయడం, చెట్టున ఒక్కటి కూడా మిగల్చకుండా కోయడం దీనికి ముఖ్యమైన మందు. ఇక వేడికి మందు నీడే. ఆ చెట్లు నిలబడాలంటే కలప కొట్టి అమ్మేకంటే కాఫీ పండించడమే లాభమని రైతుకి అనిపించాలి.

అందులో మన వంటింటి వంతూ ఉంది. ఈసారి కాఫీపొడి కొనేటప్పుడు పొట్లం వెనక చదవండి. చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలన్నది నిబంధన. అంటే మిగతా సగానికి దగ్గరగా వేరే మొక్క వేరు ఉండొచ్చు! ఒక్కసారి చికోరీ లేని అరకు పొడితో డికాషన్ తీసి, పాలు కలపకముందు చెంచాడు రుచి చూడండి. నాలుక అంచున సన్నటి పులుపు తగులుతుంది. పొడి పాడైందేమోనని కంగారు పడకండి. అది కొండమీది చలి.