రంగు మార్చిన సైనికుడికి రేటెందుకు?

సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో మామూలు సైనికుడికి ముఖం ఉండదు. స్టార్ వార్స్‌లో తెల్ల కవచం తొడుక్కున్న స్టార్మ్‌ట్రూపర్ కానీ, జీఐ జో కథల్లో కోబ్రా ముఠా తరఫున పోరాడే వైపర్ కానీ, మన ‘కల్కి 2898 ఏడీ’లో కాంప్లెక్స్ పాలకుల కోసం జనం మీద పడే రైడర్ కానీ, అందరూ శిరస్త్రాణం చాటునే బతుకుతారు, అక్కడే చస్తారు. కథకు దీనివల్ల ఒక సౌకర్యం ఉంది. ఎంతమంది కూలినా ప్రేక్షకుడి మనసు నొచ్చుకోదు. బొమ్మల కంపెనీకి ఇంకా పెద్ద సౌకర్యం. ప్లాస్టిక్ బొమ్మ తయారీలో అసలు ఖర్చు ప్లాస్టిక్‌ది కాదు, ఉక్కులో చెక్కే అచ్చుది. హీరో బొమ్మకు పోలిక కుదరాలి, సైనికుడికి ఆ బాధ లేదు. ఒక్క అచ్చు చెక్కించుకుంటే చాలు, భుజం మీద నీలం పట్టీ వేసి ఒక దళం అనొచ్చు, నారింజ పట్టీ వేసి ఇంకో దళం అనొచ్చు. పైగా సైనికుడు ఒక్కడే ఉంటే అందం లేదని కొనేవాడే పది కొంటాడు. సేకరణదారులు దీన్ని సైన్యం కట్టడం అంటారు. ఈ రకం బొమ్మల్లో వేరియంట్లు ఇన్ని పుట్టుకురావడానికి కారణం ఇదే. ఇప్పుడు అచ్చంపేటలో కూర్చున్న కుర్రాడి ఫోన్‌లోకి కూడా ఆ వేరియంట్లు ‘లిమిటెడ్ ఎడిషన్’ అన్న ముద్రతో వస్తున్నాయి కాబట్టి వీటిని ఎలా పోల్చాలి, దేనికి డబ్బు పెట్టాలి అన్నది మాట్లాడుకోవాల్సిన విషయమే. నా వాదన ఒక్కటే. రెండు బొమ్మల మధ్య తేడా ఎందుకు వచ్చిందో చెప్పగలిగితేనే ఆ తేడాకు ధర కట్టాలి. అమ్మడానికే పుట్టించిన తేడాకు పైసా ఎక్కువ ఇవ్వనక్కర్లేదు.

తయారీలో సహజంగా వచ్చిన తేడా ఎలా ఉంటుందో జీఐ జో బొమ్మే చూపిస్తుంది. అమెరికాలో హాస్‌బ్రో దీన్ని 1964లో దాదాపు అడుగు ఎత్తున తెచ్చింది. మగపిల్లలు ‘డాల్’ అంటే కొనరన్న భయంతో ‘యాక్షన్ ఫిగర్’ అన్న పేరు కూడా అప్పుడే పుట్టింది. 1982లో అదే పేరును మూడు ముప్పావు అంగుళాల బొమ్మలుగా మళ్లీ దించారు. లేజర్ తుపాకీ పట్టిన ఫ్లాష్ లాంటి వాళ్లు ఆ మొదటి విడతలోనే ఉన్నారు. ఆ ఏడాది బొమ్మల చెయ్యి భుజం దగ్గర తిరుగుతుంది, మోచెయ్యి ముడుచుకుంటుంది, అంతే. తుపాకీని రెండు చేతులతో పట్టుకోవడం దానికి రాదు. 1983లో మోచేతికి పైన చెయ్యి పక్కకు తిరిగేలా ఒక కీలు పెట్టారు. అప్పట్నుంచి అదే సైనికుడు ఆయుధాన్ని సైనికుడిలా పట్టుకున్నాడు. సేకరణదారులు ‘స్ట్రెయిట్ ఆర్మ్’, ‘స్వివెల్ ఆర్మ్’ అని వేరు చేసేది ఈ రెండింటినే. పక్కపక్కన పెడితే, ఒక లోపం కనిపెట్టి ఏడాదిలో సరిదిద్దుకున్న కర్మాగారం కనిపిస్తుంది. అదే 1982 విడతలో ఖర్చు తగ్గించడానికి ఒక బొమ్మకు అసలు రంగే వేయకుండా నల్ల ప్లాస్టిక్‌లో పోసి వదిలేశారు. అతనే స్నేక్ ఐస్. పొదుపు కోసం ముఖం లేకుండా పుట్టినవాడు ఆ మొత్తం దళంలో అందరికంటే పేరు తెచ్చుకున్నాడు. ఇలాంటి తేడాకు ఎక్కువ ఇచ్చినా అర్థం ఉంది.

దీనికి మన దేశపు రూపం ఫన్‌స్కూల్. ఎంఆర్ఎఫ్, హాస్‌బ్రో కలిసి 1987లో పెట్టిన ఈ సంస్థ గోవాలో బొమ్మలు పోసింది. హాస్‌బ్రో పద్ధతి ఏమిటంటే అమెరికాలో పని అయిపోయిన అచ్చుల్ని లైసెన్సు తీసుకున్న ఇతర దేశాల కంపెనీలకు పంపేది. బ్రెజిల్‌లో ఎస్ట్రెలా, అర్జెంటీనాలో ప్లాస్టిరామా, మన దగ్గర ఫన్‌స్కూల్ ఆ అచ్చుల్లో తమ ప్లాస్టిక్ పోసి తమ రంగులు వేశాయి. అలా అమెరికా బొమ్మకు, మన బొమ్మకు ఒంటి గీతలు ఒకటే అయినా రంగులు కలవవు. మన వాటిలో మళ్లీ ఒక బ్యాచ్‌కూ ఇంకో బ్యాచ్‌కూ కలవవు. ఒకే పాత్రలో ఒక బొమ్మకు నడుము పట్టీకి రంగు ఉంటుంది, మరో బొమ్మకు ఉండదు. ఒకదాని చొక్కా ముదురు, ఇంకోదాని చొక్కా లేత. ఇక్కడ ఎవరూ వేరియంట్ తయారు చేద్దామనుకోలేదు. ఎనభైల చివర్లో, తొంభైల్లో హైదరాబాద్ అబిడ్స్ దుకాణాల అద్దాల వెనక కనిపించిన ఈ బొమ్మల్ని అప్పట్లో అమెరికా సరుకుకు నాసిరకం నకలు అనుకున్నవాళ్లే ఎక్కువ. ఇంటర్నెట్ వచ్చాక విదేశీ సేకరణదారులు వాటి కోసమే వెతకడం మొదలుపెట్టారు. మన అటకల మీద పడున్నది వాళ్లకు సరుకైంది. ఇందులో కాస్త హాస్యం కూడా ఉంది లెండి.

అలాంటి బొమ్మ ఒకటి చేతికి వస్తే ముందు చూడాల్సింది ముఖం కాదు, వీపు. వీపు మధ్యలో ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అది విప్పితే ఛాతీ రెండు చిప్పలుగా విడిపోతుంది, లోపల నల్ల రబ్బరు రింగు కనిపిస్తుంది. మోటారు మెకానిక్‌లు ఓ-రింగ్ అనేదే. కాళ్లను పట్టుకున్న లోహపు కొక్కేన్ని పైభాగానికి బిగించేది ఆ రింగే. ఏళ్లు గడిస్తే రబ్బరు ఎండి తెగుతుంది, బొమ్మ నడుము దగ్గర రెండు ముక్కలవుతుంది. మన ఎండల్లో రేకుల కప్పు కింద దాచినవాటికి ఈ గతి ఇంకా తొందరగా పడుతుంది. రింగు మార్చడం తేలిక, విలువా తగ్గదు. బొటనవేలు విరిగినా, తొడల మధ్య ప్లాస్టిక్ చీలినా మాత్రం మందు లేదు. తర్వాత చూడాల్సింది అట్ట. మన దేశంలో ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ధర, తయారీ లేదా ప్యాకింగ్ నెల, సంవత్సరం ఉండాలని 1977 నాటి నిబంధనలు చెప్పేవి. తెరవని అట్ట మీద ఆ ముద్ర నిలిచి ఉంటే ఆ బొమ్మ ఏ ఏడాది, ఏ నెలది అన్న దానికి సాక్ష్యం దొరికినట్టే. రంగుల తేడాలను కాలక్రమంలో పేర్చడానికి అంతకంటే గట్టి ఆధారం లేదు. ఆ అట్టల్ని మనం చింపి పారేశాం. ఒక బొమ్మల చరిత్రలో అరుదుగా దొరికే తేదీలు చెత్తబుట్టకు పోయాయన్నమాట.

రెండో రకం తేడా ఇప్పటి మార్కెట్‌ది. ఒకే అచ్చు, ఒకే కర్మాగారం, ఒకే వారం. అందులో కొన్ని పెట్టెలు ఒక్క దుకాణానికే ఇస్తారు, రంగు కాస్త మారుస్తారు, సంఖ్య తక్కువని చాటుతారు. 2020లో హాస్‌బ్రో ఆరంగుళాల జీఐ జో క్లాసిఫైడ్ వరుసను మొదలుపెట్టినప్పుడు ‘కోబ్రా ఐలాండ్’ బొమ్మల్ని అమెరికాలో టార్గెట్ దుకాణాలకే పరిమితం చేశారు. కోబ్రా ట్రూపర్ కూడా అందులోనే ఉన్నాడు, పది కొనాలనిపించేవాడు. అరల్లోకి రాకముందే దళారులు ఊడ్చేశారు, పిల్లలకూ దొరకలేదు, పెద్దలకూ దొరకలేదు. ఈ కొరత ఎవరి చేతి పనివల్లా వచ్చింది కాదు. ఎంత సరుకు ఎక్కడికి పంపాలన్న నిర్ణయంలోంచి వచ్చింది. కంపెనీ మళ్లీ పోయడం మొదలుపెట్టిన రోజున ఆ అరుదుతనం కరిగిపోతుంది. అలాంటి బొమ్మకు మూడింతలు పెట్టి కొన్నవాడి చేతిలో మిగిలేది మామూలు ధర బొమ్మే.

అరుదైనది అరుదైనదే, కారణంతో మీకేం పని, మార్కెట్ ఎంతంటే అంత అని కొందరు అంటారు. పైకి న్యాయంగానే ఉంది. కానీ అత్యధిక ధర పలికిన బొమ్మలను చూస్తే మార్కెట్ కూడా చివరికి కారణానికే కడుతోందని తెలుస్తుంది. స్టార్ వార్స్‌లో బోబా ఫెట్ అనే వేటగాడు మొదట ఒక కొత్త రకం సైనిక దళం కోసం గీసిన రూపంలోంచి పుట్టాడు. 1979లో కెన్నర్ కంపెనీ అతని వీపు మీది రాకెట్ నిజంగానే ఎగిరేలా బొమ్మ ఇస్తామని ప్రకటించింది. ఆలోగా మరో కంపెనీ అంతరిక్ష వాహనంలోంచి ఎగిరిన చిన్న క్షిపణి గొంతుకు అడ్డుపడి ఒక పిల్లవాడు చనిపోయాడు. కెన్నర్ వెనక్కి తగ్గి రాకెట్‌ను అతికించి అమ్మింది. అప్పటికే పోసిన నమూనాల్లో రాకెట్ మీట జారే గాడి కొన్నిటికి ‘ఎల్’ ఆకారంలో, కొన్నిటికి ‘జే’ ఆకారంలో ఉంటుంది. ఆ చిన్న వంపులో, ప్రమాదం లేకుండా దీన్ని ఎలాగైనా నిలబెట్టాలని ఇంజినీర్లు పడిన తంటా ఉంది. అలాంటి నమూనా ఒకటి 2024లో అమెరికాలో వేలంలో 5,25,000 డాలర్లు పలికింది. ఇక కారణం తెలియకపోతే ఏమవుతుందో జావా బొమ్మ చెబుతుంది. 1978లో దానికి మొదట వినైల్ అంగీ వేశారు, చౌకబారుగా ఉందని త్వరలోనే గుడ్డ అంగీకి మారారు. వినైల్ జావా అరుదని తెలిసిన మోసగాళ్లు, అదే కంపెనీ అమ్మిన ఓబీ-వాన్ బొమ్మ వినైల్ అంగీని కత్తిరించి జావాకు తొడిగి అమ్మారు. అరుదుతనం ఒక్కటే చూసేవాడు అక్కడ బోల్తా పడతాడు. తయారీ ఎలా జరిగిందో తెలిసినవాడు అంగీ కోతను చూసి ఆగుతాడు.

ఇదే తర్కం జాతర బొమ్మకూ వర్తిస్తుంది. సంక్రాంతికి ఉమామహేశ్వరంలో, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం దారిలో తట్టలు పరిచి అమ్మే ప్లాస్టిక్ బొమ్మల్ని డూప్లికేట్ అని తీసిపారేస్తాం. లైసెన్సు లేని నకలుకు అచ్చును అసలు బొమ్మ మీదనుంచే తీస్తారు. పోసిన ప్లాస్టిక్ చల్లారుతూ కుంచించుకుపోతుంది కాబట్టి నకలు అసలు కంటే కొంచెం పొట్టిగా ఉంటుంది, కవచం మీది గీతలు మొద్దుబారతాయి. నకలుకు నకలు తీస్తే ఇంకా పొట్టి. రెండింటిని వీపులు ఆనించి నిలబెడితే చాలు, ఏది ఎన్నో తరమో తెలిసిపోతుంది. ఇందులోనూ కారణం ఉంది కాబట్టి అట్టపెట్టె లిమిటెడ్ ఎడిషన్ కంటే ఈ పొట్టి సైనికుడే నా దృష్టిలో సేకరణకు తగినవాడు. అసలని చెప్పి అమ్మనంత వరకు.

అసలు ఇదంతా ఎందుకు, బతుకుతెరువు కోసం తరాలుగా వలసపోయిన పాలమూరు నేల మీద నిలబడి అమెరికా సైనికుల ప్లాస్టిక్ బొమ్మల గురించి పేజీలు ఖర్చు చేయాలా అని అడిగేవారికి కోపంతో కాక ఓపికతోనే బదులివ్వాలి. జీఐ జో అమెరికా సైన్యాన్ని గొప్ప చేసే బొమ్మ, సందేహం లేదు. మన పిల్లల చేతికి అది యుద్ధాన్ని ఆటగా ఇచ్చిందన్న విమర్శను నేను తోసిపుచ్చను. అయితే ఒక వస్తువును పరిశీలించడం వేరు, దాన్ని పూజించడం వేరు. ఆ బొమ్మ గోవాలో మన కార్మికుల చేతుల్లో రంగు పూసుకున్న వస్తువు కూడా. కొండపల్లి బొమ్మలో పొనికి చెక్క ముక్కల్ని చింతగింజల మక్కుతో అతికించిన చెయ్యి కనిపిస్తుందని మెచ్చుకుంటాం, నిర్మల్ బొమ్మ రంగును చూసి పని చెప్పగలుగుతాం. ప్లాస్టిక్ బొమ్మకు రంగేసిన చెయ్యి ఎవరిదని మాత్రం అడగం. పైగా డబ్బు లేనివాడికే ఈ వివేచన ఎక్కువ అవసరం. 2020లో బొమ్మల దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి పెరిగింది, 2023లో 70 శాతమైంది. సుంకం, రవాణా కలిపి ఒక దిగుమతి వేరియంట్‌కు పెట్టే డబ్బుతో మన దగ్గరే అటకల మీద, పాత సామాన్ల కొట్లలో దొరికే ఫన్‌స్కూల్ బొమ్మలు చాలా సేకరించవచ్చు. వాటి గురించి రాయాల్సిందీ ఇంకా చాలా మిగిలే ఉంది.

ఈ చర్చ పాత బొమ్మలతో ఆగదు. 2023 జులైలో శాన్ డియాగో కామిక్-కాన్‌లో నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి’ సినిమా పేరు ప్రకటించారు, రైడర్ల వేషాలు కూడా అక్కడ కనిపించాయి. ఆ దుస్తులు ఎలా కూర్చారో చూపించే వీడియోనే నిర్మాతలు విడిగా వదిలారు. 2024 జూన్ 27న సినిమా వచ్చేనాటికి అందులోని బుజ్జి అనే కారు బొమ్మలు ప్రముఖుల పిల్లలకు కానుకలుగా వెళ్లాయి. ముఖం లేని తెలుగు సైనికుడు ఇప్పుడున్నాడు. దండుమల్కాపూర్ పారిశ్రామిక పార్కులో బొమ్మల పరిశ్రమకు చోటిస్తామని తెలంగాణ ప్రభుత్వం ఇదివరకే ప్రకటించింది. అది పాత నల్లగొండ జిల్లాలోదే. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి కాబట్టి నాణ్యతకు ఒక గీత కూడా ఉంది. ఎవరైనా రైడర్ బొమ్మను అక్కడ పోస్తే మొదటి రోజే బంగారు రంగు రైడర్, దుకాణానికో రైడర్ అని మొదలుపెట్టకుండా, ఒక్క రకాన్నే బాగా చేసి, ప్రతి బొమ్మ పాదం కింద అచ్చు సంఖ్య, పోసిన నెల, సంవత్సరం చెక్కాలి. చేయి కీలు నిలవక మార్చినప్పుడు, రంగు దొరక్క వేరే రంగు వేసినప్పుడు తేడాలు వాటంతటవే వస్తాయి. ముప్పై ఏళ్ల తర్వాత వాటిని పోల్చేవాడికి పాదం తిప్పి చూస్తే చాలు.