వైరస్‌కు ఊరి పేరు పెట్టవద్దు

మిరప ఆకు ముడుచుకుంటే మన నల్లపాడు రైతులు ముందు ఆకు తిప్పి చూస్తారు. పై ముడత అయితే తామరపురుగు, కింది ముడత అయితే నల్లి. తెల్లదోమ ఉంటే జెమిని వైరస్ అని అనుమానిస్తారు. మనుషులకు సోకే వైరస్‌లలో కూడా రకాలున్నాయి. కాని వాటి తేడా కంటికి కనిపించదు, కంప్యూటర్ సహాయం కావాలి.

కరోనా వైరస్ జన్యువును దాదాపు 30,000 అక్షరాల పుస్తకం అనుకుందాం. 2020 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు ఆ అక్షరాల వరుసను లోకానికి వెల్లడించారు. పరీక్షలకూ, టీకాలకూ అదే ఆధారమైంది. తరువాత ఎన్నో దేశాలవారు తమ రోగుల నమూనాలలోని వరుసలను గిసైడ్ అనే ఉమ్మడి భాండాగారంలో చేర్చారు. కంప్యూటర్లు వాటిని పోల్చి ఏ అక్షరం మారిందో, ఏ రకం పెరుగుతోందో, ఏది తగ్గుతోందో చెబుతాయి.

ఇది మనకు ఎంత అవసరమో 2021 మే నెలలో తెలిసింది. ఎన్440కే అనే మార్పు ఉన్న వైరస్‌కు కొందరు 'ఏపీ స్ట్రెయిన్' అని పేరు పెట్టి, 15 రెట్లు ప్రమాదకరమని ప్రచారం చేశారు. ప్రయోగశాలలోని కణాలలో అది వేగంగా పెరిగిన మాట నిజమే. కాని జనంలో అలా జరగలేదు. అయినా ఆంధ్ర, తెలంగాణల నుండి వచ్చేవారిని 14 రోజులు క్వారంటైన్‌లో ఉంచాలని ఢిల్లీ ప్రభుత్వం ఆదేశించింది. అప్పుడు హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు అసలు సంగతి వివరించారు. ఆ మార్పు కొత్తది కాదు, 2020లోనే కనిపించింది. పైగా అది తగ్గిపోతోంది, దాని స్థానంలో వేరే రకాలు వ్యాపిస్తున్నాయి. వాటిలో ఒకటే తరువాత డెల్టా అయింది. అదే నెల 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ ముఖ్యమైన రకాలకు గ్రీకు అక్షరాల పేర్లు పెట్టింది, ఏ ప్రాంతానికీ నింద రాకూడదని.

మన మీద పడిన నిందను తుడిచింది వాదనలు కావు, భద్రపరచిన వివరాలే. అయితే కంప్యూటర్‌కు మనం ఇచ్చినదే తెలుస్తుంది. పట్టణాల నమూనాలే వెళితే పల్లెల జబ్బు లెక్కలోకి రాదు. కనుక పల్లెల నమూనాలను కూడా ప్రభుత్వం క్రమంగా పరీక్షకు పంపాలని మేము కోరుతున్నాము.

ప్రియ పాఠకులారా, జ్వరానికి డాక్టరుగారు నమూనా అడిగినప్పుడు వెనుకాడకండి. ఊరు, తేదీ సరిగ్గా చెప్పండి. ఆ భాండాగారంలో మీ పేరు ఉండదు. కొత్త స్ట్రెయిన్ వచ్చిందని ఫోనులో కబురు వస్తే, నిర్ధారణ అయ్యేవరకు ఇంకొకరికి పంపకండి. ఒక ఊరివారిని వేలెత్తి చూపినంత మాత్రాన ఏ జబ్బూ ఆగదు.