ఆకుకీ పరీక్ష పెట్టాలి

మన హాస్టల్లో ఆకు మందుల మాట వస్తే రెండు జట్లు అయిపోతాం. ఒక జట్టు "అడవిలోది ఏదైనా మంచిదే" అంటాది. ఇంకో జట్టు "అవన్నీ మూఢనమ్మకాలు" అంటాది. నా అభిప్రాయంలో రెండూ తప్పే. మనకి పరీక్షలు ఉన్నట్టే ఆకుకీ పరీక్ష ఉండాలి.

ఆ పరీక్ష ఎలాగంటే, ఆకునో కాయనో ఎండబెట్టి, పొడి కొట్టి, నీళ్లలో గాని ఆల్కహాలులో గాని నానబెట్టి రసం తీస్తారు. గాజు పళ్లెంలో బాక్టీరియాను పెంచి, రసంలో ముంచిన చిన్న కాగితం బిళ్లను అందులో పెడతారు. రసానికి బలముంటే మర్నాటికి బిళ్ల చుట్టూ బాక్టీరియా ఉండదు. ఆ ఖాళీని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఇంకో పరీక్షలో డి.పి.పి.హెచ్. అనే ఊదారంగు ద్రావణంలో రసం కలుపుతారు. అది పసుపు రంగుకి తిరిగితే యాంటీ ఆక్సిడెంట్ గుణం ఉన్నట్టు. మన కొండల్లో ఏరే కరక్కాయ, ఉసిరికాయ రెండింటిలోనూ పాసయ్యాయి. మన అమ్మమ్మలు ఉత్తినే చెప్పలేదు.

కాని పళ్లెం వేరు, మనిషి ఒళ్లు వేరు. ఫినాయిలు కూడా బాక్టీరియాను చంపుతాది, తాగుతామా? ఈశ్వరి వేరునే చూడండి. పాము కాటుకి వాడతారు. అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. అది కిడ్నీలను పాడు చేస్తాది, కేన్సరు తెస్తాది. బెల్జియం దేశంలో సన్నబడే మందులో ఆ జాతి మొక్క కలిసి ఆడవాళ్ల కిడ్నీలు పోయాయని 1993లో డాక్టర్లు రాశారు. మన పక్కనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఎన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బు ఉందో అందరికీ తెలుసు. దాని కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఇలాంటి చోట పరీక్ష చెయ్యని వేరు మింగించడం అన్యాయం. పాము కరిస్తే వెంటనే ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

పరీక్ష చేసేవాళ్లకి కూడా ఒక మాట. ఆకు చూపించినవాళ్ల పేరు రాయాలి. 1987లో కేరళలో కాణి తెగవాళ్లు శాస్త్రవేత్తలకి ఆరోగ్యపచ్చ అనే మొక్క చూపించారు. దాంతో చేసిన మందు హక్కుల డబ్బులో సగం ఆ తెగకి ఇచ్చారు. 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం కూడా లాభంలో వాటా ఉండాలనే చెప్తాది.

అందుకే అక్కలారా, చెల్లెళ్లారా, సెలవులకి వెళ్లినప్పుడు ఒక్కొక్కరం ఒక్కో ఆకు సంగతి రాసి తెద్దాం. మన భాషలో దాని పేరు, చెప్పినవారి పేరు, దేనికి వాడతారు, ఎవరికి ఇవ్వకూడదంటారు, అన్నీ రాయాలి. ఆ నోటుబుక్కు హాస్టల్లో దాచి, కాలేజీ లాబులో ఆ ఆకులకి పరీక్ష చేయించాలని వార్డెన్ మేడం గారిని, సైన్సు మాస్టారు గారిని కోరుతున్నాను.

— 9వ తరగతి విద్యార్థిని