కాలు పోకముందే చెప్పు కావాలి

షుగరు జబ్బు కలిగినవాళ్ల జబ్బన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. దేశంలో 10 కోట్లకు పైగా షుగరు రోగులున్నారని భారత వైద్య పరిశోధనా మండలి సర్వే 2023లో లెక్కగట్టింది. వాళ్లలో రెక్కాడితే గాని డొక్కాడని కూలి స్త్రీలూ ఉన్నారు.

కణేకల్ ప్రాంతాన్నే చూద్దాం. తుంగభద్ర ఎగువ కాలువ కింది వరి మళ్లలో నాట్లు వేసే స్త్రీలు పొద్దస్తమానం వట్టి కాళ్లతో బురదలో నిలబడతారు. మెట్ట చేలల్లో కంపముళ్లు, వేసవిలో కాలే నేల. ఏళ్ల తరబడి షుగరు అదుపులో లేకపోతే నరాలు దెబ్బతిని పాదాలు మొద్దుబారతాయి. రక్తప్రసరణ తగ్గితే గాయం మానదు. ముల్లు దిగినా నొప్పి ఉండదు గనుక ఆమె పనికి పోతూనే ఉంటుంది. చీము పట్టాక గాని సంగతి బయటపడదు. చివరికి వేలో పాదమో తీసేయాల్సి వస్తే, అజాగ్రత్త మనిషన్న నింద కూడా ఆమెకే.

ఇది అజాగ్రత్తేనా? ఇంటిల్లిపాది రోగాలూ చూసే స్త్రీకి తన అరికాలు తిప్పి చూసుకునే తీరిక ఎవరిచ్చారు? ఆస్పత్రికి పోతే ఆ రోజు కూలి ఎవరిస్తారు? దళితులు చెప్పులు చేతబట్టుకుని పెత్తందార్ల వీధి దాటాల్సి వచ్చిన చరిత్ర మనది. వట్టి కాళ్లు ఎవరూ కోరి తెచ్చుకున్నవి కావు.

గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. పని స్థలంలో తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఆనాటి చట్టం చెప్పింది. చెప్పుల ఊసెత్తలేదు. కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాలకు ప్రభుత్వమే మెత్తటి రబ్బరు చెప్పులు ఉచితంగా ఇస్తోంది. షుగరుతో మొద్దుబారిన పాదానికీ అలాంటి రక్షణే కావాలి. కాలు పోయాక పింఛనిచ్చే ప్రభుత్వం, కాలు నిలిపే చెప్పు ఎందుకివ్వదు?

పాదాల పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో తాకితే స్పర్శ ఉందో లేదో తెలుస్తుంది. షుగరున్న ప్రతి ఒక్కరికీ ఏడాదికి ఒకసారైనా ఈ పరీక్ష జరగాలి. స్పర్శ తగ్గినవాళ్లకు ఇంకా తరచుగా జరగాలి.

సంఘాల్లో మనం చెప్పుకోవలసినవీ ఉన్నాయి. రోజూ పడుకోబోయే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. కళ్లు ఆనకపోతే ఇంట్లో ఇంకొకరు చూడాలి. మడి నుంచి రాగానే కాళ్లు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడవాలి. వేడినీళ్ల కాపడం, ఆనెలను బ్లేడుతో కోయడం వద్దు. చెప్పులు దులిపి తొడుక్కోవాలి. పొగాకు మానాలి. పుండు, వాపు, ఎరుపు, రంగు మారడం కనిపిస్తే పసరు కట్టి ఎదురుచూడకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

అయితే జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటే భారమంతా మళ్లీ ఆమె మీదే పడుతుంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు మాత్రలతో పాటు పాదాల పరీక్ష, స్పర్శ తగ్గినవాళ్లకు ఉచితంగా చెప్పులు, పుండు మానేదాకా కూలి నష్టానికి పరిహారం కావాలని అడుగుదాం. అడగవలసిన చోటు గ్రామసభ. అడగవలసింది మనమందరం.