పదమూడు పొట్లాలు

లెక్కల మాట ఎత్తానని పేజీ తిప్పేయకండి. ఇది లెక్క కథ కాదు. నేను తలవంచుకున్న కథ.

మా మనవడు ఆరో తరగతి. కిందటి వారం గ.సా.భా. లెక్కలు తెచ్చుకున్నాడు. గరిష్ఠ సామాన్య భాజకమన్నమాట - రెండు సంఖ్యలనూ శేషం లేకుండా భాగించేవాటిలో అన్నింటికన్నా పెద్దది. నా చిన్నతనంలో మాస్టారు నేర్పిన దారి ఒకటే: ప్రతి సంఖ్యనూ ముందు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టాలి. ఒకటీ, తానూ తప్ప వేరే భాజకం లేనిది ప్రధాన సంఖ్య. రెండు, మూడు, అయిదు, ఏడు ఇలాంటివి. మావాడు ఆ జోలికే పోకుండా పెద్ద సంఖ్యలోంచి చిన్నది తీసేసుకుంటూ కూర్చున్నాడు.

"భాగించరా అంటే తీసివేతలేమిటి?" అని కసిరి ఆ కాగితం చింపేశాను. వాడేమీ అనలేదు. మర్నాటినుంచి పుస్తకం నా దగ్గరికి తేవడం మానేశాడు.

ఆదివారంనాడు కోడలి పుట్టింటినుంచి సారె వచ్చింది. లడ్లు 143, అరిసెలు 91.

"ఇరుగుపొరుగులకు పంచాలి. ఏ పొట్లంలోనూ ఎక్కువ తక్కువలుండకూడదు, ఒక్కటీ మిగలకూడదు. ఎన్ని పొట్లాలు కట్టమంటారు?" అంది మా ఆవిడ.

నేను కళ్ళజోడు సవరించుకుని 91ని రెంటితో చూశాను, మూడుతో చూశాను, అయిదుతో చూశాను. పోలేదు. "ఇది ప్రధాన సంఖ్య. నీ అరిసెలు సమానంగా రావు" అని తీర్పు చెప్పేశాను.

మూల కూర్చున్న మావాడు తల ఎత్తకుండానే, "పదమూడు, నాయనమ్మా. ఒక్కోదాంట్లో పదకొండు లడ్లు, ఏడు అరిసెలు" అన్నాడు.

కట్టి చూస్తే సరిగ్గా సరిపోయాయి!

"ఎలా చేశావురా?" అన్నాను.

"మొన్న మీరు చింపేశారే, అలాగే తాతయ్యా."

143లో 91 పోతే 52. 91లో 52 పోతే 39. 52లో 39 పోతే 13. 39లోంచి 13 మూడుసార్లు తీస్తే ఏమీ మిగలదు. జవాబు 13. రెండు రాసులూ అన్నేసి పొట్లాలకు సరిపోయేట్టయితే, వాటి తేడా కూడా ఆ పొట్లాలకే సరిపోయి తీరాలి గదా! రాశి తరుగుతుంది గాని పొత్తు చెదరదు.

తరవాత పుస్తకాలు తిరగేశాను. క్రీ.పూ. 300 ప్రాంతంలోనే యూక్లిడ్ తన గ్రంథం ఏడో భాగం మొదట్లో ఈ పద్ధతి రాసిపెట్టాడు. 499లో మన ఆర్యభటుడు చెప్పిన 'కుట్టకా'నికీ ఇదే పునాది, కుట్టకమంటే దంచడం. పెద్ద సంఖ్యను దంచి దంచి చిన్నది చేయడమే. అంతటివాళ్ళ లెక్కనా నేను చింపి పారేసింది!

ఇంకో సంగతి. పెద్ద సంఖ్యలో దాగిన ప్రధాన సంఖ్యలను పట్టుకోవడం మహా కష్టం. ఆ కష్టాన్నే నమ్ముకుని 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అనే ముగ్గురు రహస్య సందేశాలకు తాళం తయారుచేశారు. రెండు బ్రహ్మాండమైన ప్రధాన సంఖ్యలను హెచ్చవేస్తే వచ్చేదే ఆ తాళం. అయితే రెండు తాళాల్లో పొరపాటున ఒకే ప్రధాన సంఖ్య పడిందో, మావాడి పద్ధతికి అది ఇట్టే దొరికిపోతుంది. 2012లో పరిశోధకులు ఇంటర్నెట్‌లో లక్షలకొద్దీ తాళాలు పోగుచేసి చూస్తే, వేలకొద్దీ ఇలాగే ఊడిపోయాయి.

ఒక సంఖ్య లోగుట్టు తెలియాలంటే పెద్ద తపస్సు చేయాలి. రెండింటికీ ఉన్న పొత్తు తెలియాలంటే తేడా చూస్తే చాలు. నాకూ మనవడికీ మధ్య ఆ వారంపాటు తేడా ఒక్కటే కనిపించింది. అందులోంచి పొత్తు తీయడం మాత్రం వాడికే చేతనయింది.

ఆ రాత్రి తెల్లకాగితమూ పెన్సిలూ తీసుకుని వాడి పక్కన చతికిలబడ్డాను. "391, 323. నాకు నేర్పరా" అన్నాను. వాడు కాసేపు నా ముఖంలోకి చూసి, పుస్తకం నా వేపు జరిపాడు.

జవాబు ఇక్కడ చెప్పను. మీ ఇంట్లో పిల్లల్ని అడగండి. వాళ్ళు ఏ దారిన చేసినా సరే, కాగితం మాత్రం చింపకండి.