డిక్కీలో బిర్యానీ, జేబులో ప్రెస్ కార్డు

"ఆదివారం పిల్లల్ని కార్లో కోరాపుట్ వైపు సైర్‌కి తీసుకెళ్తున్నా. ఫజర్ చదివి బయల్దేరి రాత్రికి వచ్చేస్తాం." మా ఖాన్‌దాన్ వాట్సాప్ గ్రూపులో ఈ రెండు ముక్కలు పెట్టడమే నేను చేసిన గునా. పది నిమిషాల్లో నసీహత్‌ల వాన మొదలైంది. "అరె మియా, ఒడిశా దేనికి? అరకు ఉందిగా" అని ఒకరు. "జనానా బుర్ఖాల్లో వస్తే బోర్డర్ దగ్గర లేనిపోని ముసీబత్" అని ఇంకొకరు. మా దూల్హాభాయ్ అయితే డబ్బాలో ఏం పెట్టాలో కూడా చెప్పేశారు. "బిర్యానీ వద్దు. తెరిపిస్తే కోడి అని ఎవరు నమ్ముతారు? పులిహోర చేయించు."

ఇదే గ్రూపులో అంతకు ముందు వారమే మా ఖాలా కొడుకు ఫోటోలు పెట్టాడు. వాడుండేది జర్మనీలోని ఆఖెన్‌లో. బీవీ బచ్చోంతో కారెక్కి బెల్జియం పోయి ఆలూ వేపుడు తిని, నెదర్లాండ్స్ మీదుగా తిరిగి అసర్‌కల్లా ఇంట్లో ఉన్నాడు. ఒక్క పూటలో మూడు ముల్కులు! అందరూ మాషాఅల్లాహ్ అన్నారు. వాడు దాటింది దేశాల సరహద్దు. నేను దాటబోయేది సాలూరు దాటాక ఘాట్ రోడ్డు పక్కన ఉండే ఒక బోర్డు. వాడికి దువాలు, నాకు డర్.

యూరప్ ఏదో జన్నత్ అని నేను అనడం లేదు. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ ఊరి దగ్గర, నదిలో పడవ మీద సంతకాలు చేశారు. 1995 మార్చిలో చెకింగులు ఎత్తేయడం మొదలుపెట్టారు. అదే జర్మనీ 2024 సెప్టెంబర్ 16 నుంచి తన భూ సరహద్దులన్నిటి మీదా మళ్ళీ పోలీసుల్ని నిలబెట్టింది. ముఖం రంగు చూసి ఆపుతారన్న షికాయత్ అక్కడా ఉంది. అయినా మావాడు పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు. నా సవాల్ అక్కడే. వాడికున్న హౌసలా మనకెందుకు లేదు?

అసలు మనం దేన్ని చూసి భయపడుతున్నాం? 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం, కోరాపుట్ అన్నీ మన విశాఖపట్నం జిల్లాలోవే. మన దాదాలకి అది పరాయి ముల్క్ కాదు. ఆ గీత ఇప్పటికీ సరిగ్గా ఆరలేదు. సాలూరు పైన కొఠియా గ్రామాలు 21 ఉన్నాయి. అవి తమవంటే తమవని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా సుప్రీంకోర్టు దాకా కొట్లాడుతున్నాయి. అక్కడి ఆదివాసీల్లో చాలామందికి రెండు వైపుల రేషన్ కార్డులూ, రెండు వైపుల ఓటు కార్డులూ ఉన్నాయి. రెండు హుకూమత్‌లు మీరు మావాళ్ళే అంటూ వాళ్ళ వెంటపడుతుంటే, మనం చేతిలో ఉన్న ఒక్క ఆధార్ కార్డునే పదిసార్లు తడుముకుంటూ తిరుగుతున్నాం.

కానూన్ సంగతీ చూద్దాం. దేశమంతా స్వేచ్ఛగా తిరిగే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణంలోనే ఉంది. రాష్ట్రం బోర్డర్ దాటడానికి ఆధార్ చూపించాలనే చట్టం లేదు. టాక్సీకైతే పర్మిట్ కావాలి, సొంత కారుకి అక్కర్లేదు. వేరే రాష్ట్రంలో బండిని 12 నెలలకు మించి ఉంచితేనే కొత్త రిజిస్ట్రేషన్ అడుగుతారు. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాయితం ఉంటే చాలు. అవి కూడా ఫోన్‌లో డిజీలాకర్‌లో చూపించొచ్చు.

ఇక దీన్ సంగతి. మన హనఫీ ఫిఖ్‌హ్‌లో 77, 78 కిలోమీటర్ల సఫర్ నియ్యత్‌తో ఊరి ఇళ్ళు దాటితే ముసాఫిర్ అయిపోతాం. నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది. ఆంధ్రా, ఒడిశా అనే లెక్క అందులో లేదు. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవ్‌మాలి 1672 మీటర్లు. దాని వాలు మీద చాదర్ పరిచి మేం జొహర్ రెండు రకాతులు చదువుకున్నాం. మబ్బులు మా కాళ్ళ కింద నుంచి పోతున్నాయి. పక్కనే ఫోటోలు దిగుతున్న కుటుంబం మేం సలాం తిప్పేదాకా ఆగి, మా పిల్లలకి జామకాయలిచ్చింది. డబ్బాలో ఏముందని ఎవరూ అడగలేదు. అవును, బిర్యానీయే పట్టుకెళ్ళాం.

అడిగింది తిరిగొచ్చేటప్పుడు.

మగ్రిబ్ దాటింది. ఘాట్ దిగాక ఒకచోట గంజాయి కోసం బండ్లు ఆపుతున్నారు. ఆపాల్సిందే, ఆ దారిలో గంజాయి రవాణా ఎంతుందో రిపోర్టర్‌గా నాకు తెలుసు. మా ముందున్న రెండు కార్ల మీద టార్చి వేసి పొమ్మన్నారు. నన్ను పేరు అడిగారు. చెప్పాను. మళ్ళీ అడిగారు. వెనక సీట్లోకి టార్చి వేసి, డిక్కీ తెరవమన్నారు. డబ్బా మూత తీయమన్నారు. అడుగున నాలుగు ముద్దలు మిగిలున్నాయి. "ఏం మాంసం?"

గంజాయి వెతికేవాడికి మాంసం ఏదైతే ఏంటి? నేను ఆ మాట అడగాల్సింది. అడగలేదు. జేబులోంచి ప్రెస్ కార్డు తీశాను. "సారీ సార్, ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు. నేను నవ్వాను కూడా.

విజయనగరం దాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు టెన్త్ చదివే మా అమ్మాయి మెల్లగా అంది: "అబ్బా, కార్డు లేనివాళ్ళు ఏం చూపిస్తారు?"

ఇరవై ఏళ్ళుగా వార్తలు రాస్తున్నా. ఆ పిల్లకి నా దగ్గర జవాబ్ లేదు. అక్కడ నాది నేను కాపాడుకున్నానంతే. నా వెనక బండిలో స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టు కూలీ రషీదో, ఫిషింగ్ హార్బర్‌లో వలలు కుట్టే కరీమో ఉంటే వాళ్ళ డబ్బా మూత తెరిచే ఉండేది. ఆ పోలీసు మీద ఎంత గుస్సా ఉందో, నా మీద నాకూ అంతే ఉంది. ఆపడం తప్పు కాదు. అందర్నీ ఆపు, అందరి డిక్కీ తెరువు. పేరు విన్నాకే డబ్బా మూత గుర్తొస్తే అది తనిఖీ కాదు, జలీల్ చేయడం.

దూల్హాభాయ్‌కి కబురు అందింది. "చెప్పానా నేను?" అని ఫోను. "పులిహోర ఉంటే నా పేరు మారేదా భాయ్?" అన్నాను. ఆయన చెడ్డవారు కాదు, ఇంటి ఆడవాళ్ళ ఇజ్జత్ గురించే ఆయన ఫికర్. కానీ ఆయన నుస్ఖాకి అంతెక్కడ? ఈరోజు బిర్యానీ వద్దంటాం, రేపు బుర్ఖా, ఎల్లుండి "అబ్బా" అని గట్టిగా పిలవొద్దని పిల్లలకి చెప్తాం. చెప్తున్నాం కూడా. రైల్లో సలాం మెల్లగా చెప్పుకునే ఇళ్ళు మీకు తెలీవా?

మా అమ్మీకి 71 ఏళ్ళు. విశాఖ దాటి ఆమె వెళ్ళినవన్నీ షాదీలు, జనాజాలు, దర్గాలు. ఉత్తినే చూడ్డానికి ఒక్క సఫర్ లేదు. దేవ్‌మాలి ఫోటోలు చూసి "నన్నూ తీసుకెళ్ళు బేటా" అంది. వచ్చే నెల ఇన్షాఅల్లాహ్ రెండు కార్లలో వెళ్తున్నాం. ప్రెస్ కార్డు ఇంట్లో పెట్టి వస్తానని మా అమ్మాయికి మాటిచ్చాను. ముందు సీటు దూల్హాభాయ్‌కి ఉంచాను. ఇంకా జవాబ్ ఇవ్వలేదు. ఆపా మాత్రం ఎన్ని కిలోల బాస్మతి కావాలని అడిగింది.