నిద్ర కూడా పనిగంటల సమస్యే

రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చి మధ్యాహ్నం దాకా పడుకున్న ఉద్యోగిని చూచి “పట్టపగలు నిద్రేమిటి?” అని ఇరుగుపొరుగువారు ఆక్షేపించడం మనకందరికీ అనుభవమే. అదే ఉద్యోగి పార్శ్వపునొప్పితో సెలవు కోరితే “ఉత్త తలనొప్పికి సెలవా?” అంటారు పై అధికారులు. ఈ రెండు మాటలూ ఒకే అజ్ఞానం నుండి పుట్టినవి.

వైద్యులు మైగ్రేన్ అని పిలిచే పార్శ్వపునొప్పి సామాన్యమైన తలనొప్పి కాదు. తగిన మందు పడకపోతే 4 గంటల నుండి 72 గంటల వరకు మనిషిని పీడిస్తుంది. వికారం, వాంతులు, వెలుతురును శబ్దాన్ని సహించలేకపోవడం దాని వెంట వస్తాయి. కొందరికి నొప్పికి ముందు కళ్ళెదుట వంకర టింకర మెరుపు గీతలు కదిలి, చూపులో కొంత భాగం మరుగుపడుతుంది. సిగ్నల్ చూచి రైలు నడపవలసిన వ్యక్తికి ఇది ఎంతటి ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ వ్యాధికి నిద్రతో ఉన్న సంబంధం విచిత్రమైనది. నిద్ర తగ్గినా నొప్పి వస్తుంది. సెలవునాడు అతిగా నిద్రించినా వస్తుంది. వేళ తప్పినా వస్తుంది. వచ్చిన నొప్పి చీకటి గదిలో నిద్రతోనే తగ్గడమూ కలదు. పగటి కునుకు విషయమూ అంతే. ఇరవై, ముప్పై నిమిషాల కునుకు సేద తీరుస్తుంది. సాయంకాలం దాకా సాగిన నిద్ర ఆ రాత్రి నిద్రను హరించి మరునాటి నొప్పికి దారి తీయవచ్చు. అయితే ఆవులింతలు, మగత అనేకులలో రాబోయే నొప్పికి తొలి సూచనలు. గావున ప్రతి కునుకునూ దోషిగా నిలబెట్టరాదు. రాత్రంతా పని చేసినవాని పగటి నిద్ర అసలు కునుకే కాదు. అది అతని రాత్రి.

“ప్రతిదినం ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేవండి” అని వైద్యులు చెబుతారు. సలహా మంచిదే. కాని లోకో పైలట్, 2022 నుండి ట్రైన్ మేనేజర్ అని పిలువబడుతున్న గార్డు, తపాలా సార్టింగు ఉద్యోగి దీనిని ఎట్లా పాటించగలరు? వారి నిద్రవేళను నిర్ణయించేది వారు కాదు, రోస్టరు. 1989 నాటి రైల్వే చట్టం 133వ సెక్షను రన్నింగ్ సిబ్బందికి నెలకు 30 గంటల చొప్పున నాలుగు, లేదా నిండు రాత్రితో కూడిన 22 గంటల చొప్పున ఐదు విశ్రాంతులు ఇవ్వాలన్నది. రాత్రి విలువను చట్టం గుర్తించినందుకు సంతోషమే. కాని నెలకు రాత్రులు ముప్పై. రాత్రి పని గంటకు 10 నిమిషాల వెయిటేజీ కట్టి ప్రభుత్వం భత్యం చెల్లిస్తున్నది. రాత్రి గంట పగటి గంటకన్న బరువైనదని ఒప్పుకున్నట్లే గదా! ఆ బరువును రూపాయలలో లెక్కించినవారు విశ్రాంతిలో ఎందుకు లెక్కించరు?

మన లోపాలను కూడా మనం ఒప్పుకోవాలి. నాలుగు రోజులు ఊరికి పోవడానికి పరస్పరం డ్యూటీలు మార్చుకొని, రెండు డ్యూటీలు వరుసగా చేసేవారు మనలో తక్కువ కాదు. టీ మీద టీ త్రాగి, జేబులోని నొప్పి మాత్రతో పని గడుపుకొనేవారూ ఉన్నారు. నెలకు 15 రోజులు, అంతకు మించి నెలల తరబడి అట్టి మాత్రలు మ్రింగితే ఆ మాత్రలే తలనొప్పిని పెంచుతాయి. పార్శ్వపునొప్పి పురుషులకన్న స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికం. డ్యూటీ దిగిన మహిళా ఉద్యోగికి ఇంట వంటపని కాచుకొని ఉంటుంది. ఆమె నొప్పిని సాకుగా ఎంచి నవ్వేవారిలో సంఘ సభ్యులు కూడా ఉండడం సిగ్గుచేటు.

షిఫ్టులు ఉదయం, సాయంత్రం, రాత్రి అనే క్రమంలో ముందుకు మారాలి. వెనుకకు తిరిగే క్రమం శరీరానికి కష్టతరం. రోస్టరు తగినంత ముందుగా తెలపాలి. రన్నింగ్ రూములలో చీకటి, నిశ్శబ్దం ఉండాలి. చూపు చెదిరిందని నిజం చెప్పిన ఉద్యోగికి శిక్ష గాని, వేతన నష్టం గాని ఉండరాదు. ఆ భయమే వ్యాధిని దాచిపెట్టిస్తున్నది. బాధితులు తమ నిద్రవేళలను, నొప్పి వచ్చిన దినాలను నోటు పుస్తకంలో వ్రాసి ఉంచుకోవాలి. అది వైద్యునికి దారి చూపుతుంది, సంఘానికి సాక్ష్యమవుతుంది.

పనిగంటల కోసం పోరాడిన మనకు నిద్రగంటల కోసం పోరాడడం క్రొత్త పని కాదు. అది ఆ పోరాటంలోని మిగిలిన సగమే.